ల్యాప్‌టాప్: కోర్సును చూసి కొందాం

కాలేజీలో సీటు రాగానే ఇంట్లో మొదలయ్యే మాట ల్యాప్‌టాప్. మనలో చాలామంది ఇళ్లలో ఆ డబ్బు కూలి డబ్బుల్లోంచో, వడ్డీకి తెచ్చిన అప్పులోంచో రావాలి. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పక్కవారి చేతిలో ఏముందో చూసి కాదు, మన కోర్సును చూసి కొనాలన్నది నా అభిప్రాయం.

బి.కాం. వారికి టాలీ, ఎక్సెల్ నడిస్తే చాలు. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు విండోస్ ల్యాప్‌టాప్ సరిపోతుంది. క్రోమ్‌బుక్ చౌకే గాని, టాలీ ప్రైమ్‌ను అందులో నేరుగా ఇన్‌స్టాల్ చేయలేం. కంప్యూటర్ సైన్సు వారికి ఆండ్రాయిడ్ స్టూడియో వంటివి వాడాలంటే 16 జీబీ ర్యామ్ మేలు. గేమింగ్ ల్యాప్‌టాప్ మోజు మాత్రం వద్దు. ధర ఎక్కువ, బరువు సాధారణంగా రెండు కిలోలు దాటుతుంది, ఛార్జింగు త్వరగా అయిపోతుంది. గదికి ఒకటో రెండో ప్లగ్గులుండే చోట అది పెద్ద ఇబ్బందే.

సెకండ్‌హ్యాండ్‌ది కొనడం నామోషీ కాదు. అయితే ప్రాసెసర్ ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ తర్వాతిదై ఉండాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతకంటే పాత ప్రాసెసర్లలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా వర్తించదు. గంటసేపు ఛార్జరు తీసి నడిపి చూడండి. బిల్లు, వారంటీ కాగితం అడిగి తీసుకోండి.

పూర్వ విద్యార్థులైన అన్నలకూ, అక్కలకూ ఒక విన్నపం. మూలన పడ్డ మీ పాత ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే ఉబుంటు వేసి హాస్టల్‌కు ఇవ్వండి. ఒక ఇంటికి అప్పు తప్పుతుంది.