ఏ మెషీనో చెప్పండి డాక్టర్ సాబ్

"మెషీన్ పెట్టాలి. దస్తఖత్ చేయండి, జల్దీ." రాత్రి రెండు గంటలకు దవాఖానా వరండాలో మా మామూ కొడుకుతో అన్న మాట ఇది. మామూకి పెద్ద గుండెపోటు. బీపీ పడిపోయింది, చేతులూ కాళ్లూ చల్లబడ్డాయి. ఏ మెషీన్ అని నేనడిగాను. "గుండెకు సహారా ఇచ్చేది" అన్నారు. అంతే. వాడు దస్తఖత్ చేశాడు. మామూ దక్కలేదు.

మెషీన్ వల్లే పోయాడని ఇల్జామ్ వేయడం లేదు. కార్డియోజెనిక్ షాక్ అనే ఆ హాలత్‌లో ఎంత మంచి ఇలాజ్ జరిగినా సగానికి దగ్గరగా పోతారు. నా షికాయత్ ఆ "సహారా" అనే మాట మీద. ఆ ఒక్క మాట కింద మూడు వేరువేరు చీజులున్నాయి.

ఒకటి బెలూన్ పంపు. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిలో ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. జర్మనీలో 600 మంది మీద పరీక్షించి 2012లో ఫలితాలు చెప్పారు. నెలలోపు పోయినవాళ్లు బెలూన్ పెడితే 39.7 శాతం, పెట్టకపోతే 41.3 శాతం. అంటే చెప్పుకోదగ్గ ఫరక్ లేదు. ఇప్పుడు యూరప్ గుండె డాక్టర్ల మార్గదర్శకాలు దాన్ని అందరికీ మామూలుగా పెట్టొద్దంటున్నాయి. బిల్లు చూశాక తెలిసింది, మామూకి పెట్టింది అదేనని.

రెండోది ఎక్మో. రక్తాన్ని బయటికి లాగి, ఆక్సిజన్ కలిపి, తిరిగి ఒంట్లోకి తోస్తుంది. 2023 పరీక్షలో నెల మరణాలు పెడితే 47.8 శాతం, పెట్టకపోతే 49. రక్తస్రావం మాత్రం రెట్టింపు దాటింది.

మూడోది ఇంపెల్లా. ఎడమ జఠరికలోంచి రక్తం లాగి ముందుకు పంపే చిన్న పంపు. డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్‌లలో చేసిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. ఆరు నెలల మరణాలు 58.5 నుంచి 45.8 శాతానికి తగ్గాయి. ఇది అసలైన ఉమీద్. కానీ గుండె ఆగి స్పృహలోకి రానివాళ్లను ఆ పరీక్షలో తీసుకోలేదు. పంపు పెట్టినవాళ్లలో రక్తస్రావం, కాలికి రక్తం అందకపోవడం, డయాలసిస్ ఎక్కువయ్యాయి.

"ప్రాణం పోతుంటే ఇవన్నీ చెప్తూ కూర్చోవాలా?" అంటారు. వద్దు. అప్పుడు చేయాల్సిన మొదటి పని మూసుకుపోయిన రక్తనాళాన్ని వెంటనే తెరవడం. దానికి 1999 నుంచే సబూత్ ఉంది. అది ఆగకూడదు. మెషీన్ గురించి రెండు ముక్కలు చాలు: ఇది ఫలానా మెషీన్, ఇలాంటి మరీజ్‌కి దీనివల్ల మేలుందని తేలింది, లేదా తేలలేదు. గుండె లోపలి గోడకు చిల్లుపడటం లాంటి ఖాస్ కారణం ఉండి బెలూనే పెడుతుంటే ఆ కారణమే చెప్పండి. అరనిమిషం పట్టదు.

మా కసూర్ కూడా ఉంది. "ఎంత ఖర్చయినా సరే, ఏదో ఒకటి చేయండి" అన్నది మేమే. భయంలో ఉన్నవాడు అలాగే అంటాడు. ఆ భయాన్ని చూసి నిజం చెప్పడమే డాక్టర్ జిమ్మేదారీ, కాగితం ముందుకు తోయడం కాదు.

మామూ కొడుకు ఇప్పటికీ అడుగుతుంటాడు: "భాయీజాన్, నేను ఇంకా పెద్ద మెషీన్ అడగాల్సిందా?" పందొమ్మిదేళ్ల పిల్లాడు. వాడి మీద ఈ బోజ్ ఎందుకు పడాలి? ఆ రాత్రి ఒక్కరు సాఫ్‌గా చెప్పి ఉంటే వాడు మామూ కోసం ఏడ్చేవాడు, తన కసూర్ వెతుక్కునేవాడు కాదు.