ఊగేది ఎవరు, ఊపేది ఎవరు?

ఇంగ్లీషులో 'స్వే' అని ఒక లఫ్జ్ ఉంది. గాలికి తాటిచెట్టు ఊగినా స్వే, ఒకరి మాట మన దిల్ మీద అసర్ చూపినా స్వే, రాజు హుకూమత్ నడిపినా స్వే. ఈ మూడింటికీ సంబంధమేంటని పిల్లలు అడుగుతారు. జవాబు సులువే. చెట్టును వంచేది గాలి, మనుషుల్ని వంచేవాడు హాకిమ్.

మన దగ్గర లెక్క వేరు. అసర్ అంటే అరబీలో జాడ, మనిషి వెళ్లిపోయాక కూడా మిగిలేది. సర్ సయ్యద్ 1847లో ఢిల్లీ పాత కట్టడాల మీద తెచ్చిన కితాబ్ 'ఆసారుస్సనాదీద్' పేరులో ఉన్న ఆసార్ దాని బహువచనమే. ఇక హుక్మ్, హాకిమ్, హుకూమత్, హిక్మత్ అన్నీ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. హిక్మత్ అంటే వివేకం. పాలన పక్కన ఆ జుబాన్ కూర్చోబెట్టింది వివేకాన్ని, ఊగడాన్ని కాదు. (పాలకులందరికీ అది యాదికుందని నేననను.)

ఇదంతా ఎందుకంటే, ఎలక్షన్లు రాగానే ఈ లఫ్జ్ మన మీదికి వస్తుంది. నాయకుడైతే 'హోల్డ్స్ స్వే', అంటే పట్టున్నవాడు. ముస్లిం ఓటరైతే 'స్వేయ్డ్', అంటే ఊగిపోయినవాడు. తెలుగు డెస్కుల్లో దాన్ని 'ప్రభావితులయ్యారు' అని దించేస్తారు. రేషన్ కార్డు, పిల్లల స్కాలర్‌షిప్, గల్లీలో మోరీ అన్నీ లెక్కేసుకుని ఓటేసొచ్చిన అమ్మీజాన్ ఎవరి గాలికి ఊగినట్టు? 'ఫైసలా చేసుకుంది' అని రాయడానికి అడ్డమేంటి?