‘మీరందరూ’ అనే తాబేలు

గత సంచికలో ఏడో తరగతి పిల్లలు రాసిన కొన్ని వాక్యాలు అచ్చువేశాం. వాళ్ల తెలుగు టీచరు నైజీరియాలోని ఇగ్బోల తాబేలు కథ చెప్పి, దాన్నిబట్టి పోలికలు రాయమన్నారు. ఆ పుట మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు తక్కువ. ‘మనకు పంచతంత్రం ఉండగా ఆఫ్రికా నుంచి అరువెందుకు?’ అన్నవే ఎక్కువ. ఇంతలో ఆ టీచరుకు పైనుంచి హితబోధ కూడా అందింది: సిలబస్ దాటొద్దు, అలంకారాలు పుస్తకంలో ఉన్నట్టే చెప్పండి అని. అదీ నోటిమాటగానే. కాగితం మీద పెడితే మేం అచ్చువేస్తామని అనుకున్నారు కాబోలు. వేసేవాళ్లమే.

పుస్తకంలో ఏముందో మనకు తెలియనిదా? ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. కీర్తి హంసలాగా ఆకాశగంగలో మునుగుతుంది. మా చిన్నప్పుడూ మునిగింది, మా మనవలకూ మునుగుతోంది. ఆ వాక్యం బట్టీపట్టే పిల్లల్లో హంసను చూసినవాళ్లే అరుదు, ఆకాశగంగ మాట దేవుడెరుగు. అయినా లక్షణం, ఉదాహరణ, సమన్వయం వరసగా దింపితే మార్కులు పడతాయి. అదే పిల్ల ఇంటికెళ్లి, అన్నయ్యకు కొత్త సైకిలు కొన్నారని తెలిసి ‘నాకు కడుపు మండిపోయింది’ అంటుంది. తాను అలంకారం వాడానని ఆమెకు తెలియదు. చెప్పినా నమ్మదు, కడుపు మండటం ఆమె దృష్టిలో జరిగిన సంగతి. సొంత భాషలో పోలికలు అలా మాటల్లో కరిగిపోయి ఉంటాయి. పరాయి ఊరి కథలోనైతే పిల్ల తప్పకుండా ఒకచోట తట్టుకుని ఆగుతుంది, ‘అదేంటి టీచర్, అలా అన్నారేం?’ అంటుంది. పాఠం మొదలయ్యేది అక్కడే.

కథ చాలామందికి తెలిసే ఉంటుంది. చినువా అచెబె 1958లో వెలువరించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలలో ఒక తల్లి కూతురికి చెబుతుంది. పక్షులకు ఆకాశంలో విందు. తాబేలు వాటిని బతిమాలి తలా ఒక ఈక పుచ్చుకుని రెక్కలు కట్టుకుంటుంది. విందుకు వెళ్లేటప్పుడు కొత్త పేర్లు పెట్టుకోవడం ఆచారమని నమ్మించి, తన పేరు ‘మీరందరూ’ అని చెబుతుంది. తీరా వడ్డన దగ్గర ‘ఇదంతా ఎవరికి?’ అని అడుగుతుంది. ‘మీ అందరికీ’ అంటారు పెట్టినవాళ్లు. ఇంకేం! తాబేలు కడుపునిండా తిన్నాక పక్షులకు మిగిలింది ఎంగిలి. అవి కోపంతో ఎవరి ఈక వాళ్లు పీక్కుంటాయి. దూకడానికి ఇంట్లో ఉన్న మెత్తటి సామానంతా బయట పరచమని తాబేలు పెళ్లానికి కబురు పంపితే, చిలక వెళ్లి గట్టి సామానంతా పరచమంటుంది. డిప్ప ముక్కలవుతుంది. దాని వీపు మీద గళ్లు ఆ అతుకులేనట.

మన పంచతంత్రంలో కంబుగ్రీవం కూడా ఆకాశం నుంచే పడింది, హంసలు మోస్తున్న కర్ర వదిలేసి నోరు తెరిచి. మనది వాగుడుకాయ. వాళ్లది మాటకారి మోసగాడు. మన పిల్లలకు తాబేలంటే ముందు తోచేది నడక. ఇగ్బో పిల్లలకు జిత్తులు. ఆ పనికి మనం నక్కను పెట్టుకున్నాం, ఘనాలోని అకాన్లు అనాన్సి అనే సాలెపురుగును పెట్టుకున్నారు. సమానధర్మం తాబేలు డిప్పలో ఉండదనీ, దాన్ని చూస్తూ బతికిన జనం దానికి అంటగట్టినదనీ పిల్లలకు తెలియడానికి ఇంతకన్నా దగ్గరి దారి మాకు తోచడం లేదు. కరటక దమనకులతో ఈ పని జరగదు. నక్క జిత్తులమారి అని ఊహ తెలిసిననాటి నుంచి వింటున్న పిల్లకు అందులో అడగడానికి ఏమీ ఉండదు.

ఇగ్బోలు సామెతను పామాయిల్‌తో పోలుస్తారు. టీచరు ఎక్కువసేపు ఆగింది ఇక్కడేనట. పామాయిల్ అనగానే పిల్లలు నవ్వారు. మనకది రేషన్ ప్యాకెట్, నాసిరకం బజ్జీలు. అక్కడ అదే ఎర్రటి నూనె, అది లేకపోతే కూరకు రుచి లేదు. ఆ చెట్టు పుట్టిందే పశ్చిమ ఆఫ్రికాలో. ఇవాళ అశ్వారావుపేట చుట్టూ, ఏలూరు జిల్లా మెట్టలో తోటలకు తోటలు. చెట్టును తెచ్చుకోవడానికి, గెలలు కోసి అమ్ముకోవడానికి అడ్డురాని పరాయితనం సామెత దగ్గర ఎందుకు అడ్డొచ్చిందో ఉత్తరాలు రాసినవారు చెప్పాలి. ‘సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు’ అని మనవాళ్లూ తిండి దగ్గరికే వెళ్లారు. నూనె పోలిక గొప్పదా, విందు పోలిక గొప్పదా అని పిల్లలు పీరియడంతా వాదించుకున్నారట. అలంకారాల గురించి పిల్లలు పోట్లాడుకోవడం మేమెక్కడా వినలేదు.

తెలుగు పీరియడ్లు అసలే తక్కువ, ఉన్న పాఠాలే పూర్తికావడం లేదన్న మాటలో న్యాయం ఉంది. ‘అరువు’ అన్న మాటలో మాత్రం లేదు. పంచతంత్రాన్ని ఆరో శతాబ్దంలో పారశీకులు పహ్లవీలోకి తీసుకుపోయారు. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా దాన్ని అరబ్బీ చేశాడు. మన నక్కలు కలీలా, దిమ్నా అయ్యాయి. ఫ్రెంచి నీతికథల కవి లా ఫోంతేన్ 1678లో ఆ రుణం ఒప్పుకున్నాడు. మన కథ లోకమంతా తిరిగిందని సభల్లో ఛాతీ విరుచుకునేవాళ్లే లోకం కథ మన గుమ్మంలోకి వస్తే తలుపేస్తున్నారు. వీరిలో చాలామంది ‘చందమామ’ చదివి పెరిగినవారే. ‘రూపధరుడి యాత్రలు’ హోమర్ సొత్తని అప్పుడు తెలియలేదేమో. పేర్లు మార్చి వండిన ఆ పద్ధతి పత్రికకు బాగుంది. తరగతిలో మాత్రం పరాయిది పరాయిదిగానే కనబడాలి, లేకపోతే పిల్ల తట్టుకోదు.

పక్క గదిలో ఇంగ్లీషు పీరియడ్ నడుస్తుంటుంది. అక్కడ పిల్లలు చూడని పూలమీద, పడని మంచుమీద పద్యాలు వల్లిస్తారు. దానికి ఫీజులు కట్టి మరీ మురిసిపోతాం. ఇంగ్లండు కథ చదువు, ఆఫ్రికా కథ అరువు! దీన్ని సంస్కృతీ రక్షణ అంటే ఒప్పుకోం. ఇది రంగు చూసి గౌరవించే జబ్బు. మన కొండల్లోని సవరల కథ చెప్పినా ఇదే గోల లేచేది. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పటానికి దండ వేస్తాం, ఆయన సవర నేర్చుకుని నిఘంటువు కట్టిన సంగతి ఉపన్యాసంలో ఒక వాక్యంగా చెప్పి దిగిపోతాం.

అయినా ఈ ఆగ్రహమంతా ఆఫ్రికా గురించేనా అని మాకు అనుమానం. అచ్చయిన వాక్యాల్లో ఒకటి ఇలా ఉంది: ‘మా ఊళ్లో ఒక పెద్దమనిషి పేరు కూడా మీరందరూ. ఊరికి ఏది వచ్చినా ఆయనకే వస్తుంది.’ కీర్తి హంసతో ఇలాంటి ప్రమాదం ఎప్పుడూ రాలేదు. పన్నెండేళ్ల పిల్ల ఒక కథలోని శ్లేషను పట్టుకుని తన ఊరికి అతికించింది. ఏ పరీక్షలోనైనా దీనికి పూర్తి మార్కులు వేయాలి. బదులుగా టీచరును పిలిచి మాట్లాడారు.

వచ్చే సంచిక నుంచి ఇలాంటి పాఠాలకు రెండు పేజీలు కేటాయిస్తున్నాం. అనాన్సి కథలతో మొదలుపెడతాం. ఉపాధ్యాయులు తమ తరగతిలో పిల్లలు రాసినవి రాసినట్టే, దిద్దకుండా పంపాలి. బడి పేరు, టీచరు పేరు వేయం.