గోరువెచ్చటి నీళ్లే సగం మందు!

ఆపరేషన్ బాగానే జరిగిందంటారు డాక్టరు. మందుల చీటీ చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తారు. అసలు పరీక్ష ఆ తరవాతే మొదలవుతుంది. రెండో రోజో, మూడో రోజో కడుపులో కదలిక వస్తుంది. మనిషికి గుండె దడ. వెళితే నొప్పి... వెళ్లకుండా ఆపుకుంటే మరింత నొప్పి! వెళ్లొచ్చాక ఇంకో బెంగ. అక్కడ చూస్తే పచ్చి పుండు. దాన్ని ఎలా కడుక్కోవాలి? దేంతో తుడుచుకోవాలి?

మొలలు, ఫిషర్, భగందరం... వీటిలో దేనికి ఆపరేషన్ చేయించుకున్నా ఎదురయ్యే సందేహమే ఇది. అయినా నోరు తెరిచి అడిగేవాళ్లు తక్కువ. మామగారు కోడలికి చెప్పుకోలేరు. భార్య భర్త దగ్గర కూడా సిగ్గుపడుతుంది. తీరా డాక్టరు అడిగితే తలొంచుకుని 'బాగానే ఉందండీ' అనేసి వచ్చేస్తారు. ఆ మొహమాటమే కొన్నిసార్లు పుండును మానకుండా చేస్తుంది.

కుట్లు ఎందుకు వేయరు?

ఈ ఆపరేషన్లలో చాలాసార్లు గాయాన్ని కుట్టకుండా తెరిచే ఉంచుతారు. ఈ సంగతి తెలియక ఇంటికొచ్చాక కంగారుపడేవాళ్లు ఎందరో. మొలలకు ఇప్పటికీ ఎక్కువగా చేసే పద్ధతిని లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి సర్జన్లు మిలిగన్, మోర్గాన్ 1937లో వివరించారు. అందులోనూ గాయం తెరిచే ఉంటుంది. భగందరంలో నాళాన్ని చీల్చినప్పుడూ అంతే. పైన మూసేస్తే లోపల చీము నిలిచిపోయే ప్రమాదం ఉంది. తెరిచి ఉంచితే అడుగు నుంచి కొత్త కండ పెరుగుతూ పైకి వస్తుంది. ఇందుకు నాలుగు నుంచి ఆరు వారాలు, భగందరానికైతే ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు.

రోజూ మలం తగిలేచోట పుండు ఉంటే సెప్టిక్ అవదా అన్న భయం సహజమే. కానీ ఆ భాగానికి రక్తప్రసరణ బాగా ఉంటుంది. శుభ్రంగా ఉంచుకుంటే చాలామందిలో ఇబ్బంది లేకుండానే మానుతుంది. అన్ని రోజులూ గాయాన్ని కనిపెట్టుకుని ఉండాల్సింది మాత్రం ఇంట్లోనే!

టబ్బులో పావుగంట

వైద్యులు 'సిట్జ్ బాత్' అంటారు. జర్మన్ భాషలో 'సిట్జెన్' అంటే కూర్చోవడం. పేరు కొత్తగా ఉన్నా పని చాలా తేలిక. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసి, పిరుదులు మునిగేలా పది, పదిహేను నిమిషాలు కూర్చోవడమే. రోజుకు రెండు మూడుసార్లు, విరేచనమైన ప్రతిసారీ కూర్చోవాలి. కింద కూర్చోలేని పెద్దవాళ్లకు కమోడ్‌పై అమర్చుకునే చిన్న టబ్బులు మందుల షాపుల్లో దొరుకుతాయి. ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో మాత్రం డాక్టరునే అడగాలి.

వెచ్చదనానికి బిగుసుకుపోయిన మలద్వార కండరం సడలుతుంది. నొప్పి తగ్గేది అందువల్లే. గాయానికి అంటుకున్న గాజుగుడ్డ కూడా నీళ్లలో నాని తేలిగ్గా ఊడివస్తుంది. లాగాల్సిన పనుండదు.

వేడి ఎక్కువైతే గుణం ఎక్కువనుకుంటే పొరపాటే. పసిపిల్లలకు నీళ్లు పోసేముందు చూసినట్టు మోచేయి ముంచి చూడాలి. మధుమేహం ఉన్నవాళ్లకు, తిమ్మిరి కలిగించే ఆయింట్‌మెంట్ రాసుకున్నవాళ్లకు వేడి తెలియకుండానే చర్మం కాలొచ్చు. లేచేటప్పుడు తల తిరిగే అవకాశం ఉంది కాబట్టి పెద్దవాళ్లకు ఎవరైనా ఆసరాగా ఉండటం మంచిది.

నీళ్లలో ఏం కలపాలి?

ఏమీ కలపక్కర్లేదు. ఉత్త నీళ్లు చాలు. యాంటీసెప్టిక్ ద్రావణం రెండు మూతలు ఎక్కువ పోస్తే ఇంకా శుభ్రమనుకుంటారు కొందరు. దాంతో పచ్చి పుండు భగ్గుమంటుంది, చుట్టూ చర్మం ఎర్రబడుతుంది. డాక్టరు పొటాషియం పర్మాంగనేట్ వాడమంటే, గింజలు పూర్తిగా కరిగి నీళ్లు లేత గులాబీ రంగుకి వచ్చాకే కూర్చోవాలి. కరగని గింజ తగిలితే చర్మం కాలుతుంది.

రుద్దొద్దు... అద్దండి

విరేచనం తరవాత నీళ్లతో కడుక్కునే మన అలవాటు ఇక్కడ పెద్ద వరం. పొడి కాగితం గీరుకున్నట్టు నీళ్లు గీరవు. అయితే హెల్త్ ఫాసెట్‌ను గట్టిగా నొక్కి, దగ్గర నుంచి కొట్టకూడదు. ఆ ధారకే గాయం చెదురుతుంది. మగ్గుతో మెల్లగా పోసుకోవడమే మేలు. ఆడవాళ్లు ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. చేతులు సబ్బుతో ముందూ, తరవాతా కడుక్కోవాలి. గాయం మీద మాత్రం సబ్బు వద్దు. డాక్టరు చెబితే తప్ప లోపలికి వేలు పెట్టి శుభ్రం చేసే ప్రయత్నం చేయకూడదు.

తరవాత ఉతికిన మెత్తటి నూలుగుడ్డతో అద్దాలి. పాత పంచె ముక్క, పాత నూలు చీర ముక్క శ్రేష్ఠం. వాడిన గుడ్డను ఉతికి ఎండలో ఆరేయాలి. సువాసన కలిపిన తడి టిష్యూలు, టాల్కం పౌడరు జోలికి వెళ్లొద్దు. కొన్నాళ్లు పలుచగా పసుపు రంగు నీరు, కాస్త ఎర్రటి చెమ్మ కనిపించడం మామూలే. గాజుగుడ్డ మడత పెట్టుకుని, తడిసినప్పుడల్లా మార్చుకుంటే చాలు. లోదుస్తులు వదులుగా, నూలువి ఉండాలి.

అతి శుభ్రం కూడా చేటే. గంటగంటకీ కడిగితే చర్మం సహజమైన జిడ్డు పోయి పొడిబారుతుంది, దురద మొదలవుతుంది.

కడుపు మెత్తగా ఉంటేనే...

ఎంత బాగా కడుక్కున్నా మలం గట్టిగా వస్తే గాయం మళ్లీ మొదటికి వస్తుంది. నొప్పికిచ్చే ట్రమడాల్ వంటి మాత్రలు కొందరిలో మలబద్ధకం తెస్తాయి. నొప్పికి భయపడి తిండి మానేయడం అంతకన్నా పొరపాటు. ఆకుకూరలు, ఆనపకాయ, జామ, బొప్పాయి తినాలి. నీళ్లు, మజ్జిగ బాగా తాగాలి. ఇసబ్‌గోల్ లాంటివి డాక్టరు రాస్తే మానకుండా వాడాలి. కొత్తావకాయకు కొన్నాళ్లు సెలవు చెప్పడమే మంచిది. మరుగుదొడ్లో ముక్కకూడదు, ఫోను చూస్తూ కూర్చోకూడదు. షుగరు అదుపులో లేకపోతే పుండు మానడం ఆలస్యమవుతుంది కాబట్టి దాన్నీ గమనించుకోవాలి.

వెంటనే వెళ్లాల్సిందెప్పుడు?

విరేచనంతో పాటు నాలుగు చుక్కల రక్తం కనిపిస్తే కంగారు అక్కర్లేదు. ధారగా కారినా, గడ్డలు గడ్డలుగా పడినా ఆలస్యం చేయకూడదు. మొలల ఆపరేషన్ తరవాత అంతా తగ్గిందనుకున్న సమయంలో, అంటే వారం, రెండు వారాల మధ్య కూడా ఎక్కువ రక్తం పోయే అవకాశం ఉంది. 101 డిగ్రీలు దాటిన జ్వరం, తగ్గాల్సిన నొప్పి రోజురోజుకీ పెరగడం, దుర్వాసనతో చీము, మూత్రం బిగించేయడం... వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మూడు రోజులైనా విరేచనం కాకపోతే డాక్టరుకు చెప్పాలి.

ఇక ఇంట్లోవాళ్లు చేయాల్సిన సాయం పెద్దదేం కాదు. పొద్దున్నే ఒక బకెట్ నీళ్లు కాచి పెట్టడం. ఉతికిన గుడ్డలు చేతికందేచోట ఉంచడం. 'ఎలా ఉంది?' అని నలుగురిలో కాకుండా ఒంటరిగా ఉన్నప్పుడు అడగడం. అన్నిటికన్నా ముఖ్యం... ఆ పావుగంటా స్నానాలగది తలుపు తట్టకపోవడం!