హోమం గుళ్లో, విందు మ్యూజియంలో

వేసవి పెళ్లికి మిల్వాకీ ఆర్ట్ మ్యూజియం అనగానే గుర్తొచ్చేది మిషిగన్ సరస్సు ఒడ్డున రెక్కలు విప్పే ఆ తెల్లటి కట్టడమే. 2001లో తెరిచిన ఈ భాగాన్ని రూపొందించింది వాస్తుశిల్పి కలత్రావా. అందులోని విండ్‌హోవర్ హాలు 90 అడుగుల ఎత్తు. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 217 అడుగులు, గాలి ఎక్కువైతే ముడుచుకుంటాయి. అంత అందం కింద మళ్లీ పూలగోడలు, బెలూన్ తోరణాలు దేనికండీ? ఆ డబ్బుతో వీలైతే చుట్టాలకు గ్యాలరీలు చూపించండి. విస్కాన్సిన్‌లోనే పుట్టిన జార్జియా ఓకీఫ్ చిత్రాలున్నాయక్కడ. పెళ్లి మనవాళ్లదైతే మాత్రం ఒక చిక్కు: బొమ్మలున్నచోట నిప్పన్నా, విసిరే బియ్యమన్నా మ్యూజియంవాళ్లు సాధారణంగా ఒప్పుకోరు. హోమం, తలంబ్రాలు గుళ్లో కానిచ్చి, విందు ఇక్కడ పెట్టుకోవడమే మేలు. ముహూర్తం పెట్టించకముందే వాళ్ల నిబంధనల కాగితం అడిగి చదవండి.