ఒక్క తాను, రెండు నమూనాలు

అంజూర్ ఫాటాలో గ్రే గుడ్డ కొనువారికి ఒక పరీక్ష తెలియును. వేర్వేరు సాంచాల సరుకని చూపిన రెండు ముక్కలలో అంచునుండి ఒకే దూరమున పోగు తప్పియుండిన యెడల, అవి ఒక్క తాను నుండి కోసినవని మన ముసలి గుమాస్తాలు చేతితో తడిమియే చెప్పుదురు.

విజ్ఞాన శాస్త్రమునను ఇట్టి పరీక్ష యవసరమైనది. ఎలిజబెత్ బిక్ అను శాస్త్రజ్ఞురాలు, మరి యిద్దరును 40 పత్రికలలోని 20,621 వ్యాసముల బొమ్మలను పరిశీలించి 2016లో ఫలితములు ప్రకటించిరి. నూటికి 3.8 వ్యాసములలో సందేహాస్పదమైన బొమ్మలు కనబడినవి. ఒక ప్రయోగపు ఛాయాచిత్రమే త్రిప్పియో, కత్తిరించియో మరియొక ప్రయోగపుదిగా చూపబడినది. వీనిలో కనీసము సగము బుద్ధిపూర్వకముగా చేసినట్లు తోచుచున్నవని వారి యభిప్రాయము. ఆమె ఆ బొమ్మలను కంటితోనే పోల్చి చూచినది! మన మడత బల్ల వద్ద జరుగు పనియు నదియే.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. మన రాష్ట్రమున, పూనాలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రము నుండి 2005లో వెలువడిన వ్యాసమును, పాత వ్యాసపు బొమ్మలే మరల వాడబడినవని, అమెరికా పత్రిక 2007లో ఉపసంహరించినది. ఇక్కడి విచారణ సంఘమొకటి మాత్రము దోషము లేదన్నది. ఒకే బొమ్మను చూచి పత్రిక ఒకటి, సంఘము వేరొకటి చెప్పినచో సామాన్యుడెవరిని నమ్మవలెను? ఇక తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రాచార్యుడొకరు 2004 మొదలు 2007 వరకు ప్రకటించిన సుమారు 70 వ్యాసములపై 2008లో వచ్చిన ఆరోపణ బొమ్మలది కాదు, ఇతరుల ఫలితముల నకలుది. అది తెలుగువారమైన మాకు మరింత నొప్పి కలిగించినది.

వర్తకులకిది యేల యందురా? రోగుల కొరకు మనము చందాలు పోగుచేయుచున్నాము. ఆ మందులు ఇట్టి వ్యాసముల నుండియే పుట్టవలెను గదా.

పొరపాటు వేరు, మోసము వేరు. ఒకమారు మా దుకాణమున మూటలపై లాటు నంబర్లు తారుమారై లారీ వెడలిపోయినది. దానిని వెనుకకు పిలిపించి బాడుగ మేమే భరించితిమి. ఆ కొనుగోలుదారుడు నేటికిని మా వద్దనే కొనుచున్నాడు. తన వ్యాసమును తానే వెనుకకు తీసికొన్న పరిశోధకునికి అవమానము చేయరాదు. తెలిసియు దాచినవాని విషయము వేరు.

మన సన్మాన సభలలో డాక్టరేటు పొందిన బిడ్డ యెన్ని వ్యాసములు ప్రకటించెనో వేదికపై చదువుచున్నాము. ఈ యేటినుండి ఆ లెక్క చదువరాదని, ఏమి కనుగొనెనో తెలుగున పది నిమిషములు చెప్పించవలెనని కార్యవర్గమునకు మేము ప్రతిపాదించుచున్నాము.