పర్మినెంటేనా?

అబ్బాయి లెక్చరరని తెలిసి హన్మకొండకు సంబంధం మాట్లాడ్డానికి వచ్చిన పెద్దలు జీతం సంగతి తర్వాత అడుగుతారు. ముందడిగేది ‘పర్మినెంటేనా?’ అని. ‘కాంట్రాక్టేనండి, కానీ పదిహేనేళ్ల నుంచీ అక్కడే’ అన్నారనుకోండి... చాయ్ తాగి లేవడమే!

పదిహేనేళ్లుగా ఒకే గదిలో, ఒకే బోర్డు ముందు నిలబడ్డ మనిషి తాత్కాలికం ఎలా అవుతాడు? కాగితం మీద అవుతాడు. మన దగ్గర ఈ విద్య కొత్తదేం కాదు. 1980ల్లో నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను తీసుకున్నారు. పాపం, ఆ అంకే వాళ్లకు ఇంటిపేరైపోయింది. తర్వాత 2000 ప్రాంతంలో జూనియర్ కాలేజీలకు కాంట్రాక్టు లెక్చరర్లు వచ్చారు. ఒప్పందం ఏడాదికే. అది ముగిశాక మళ్లీ రెన్యువల్ కోసం ఎదురుచూపులు. బ్యాంకులో ఇంటి అప్పు అడిగితే మేనేజర్‌దీ పెళ్లిపెద్దల ప్రశ్నే.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. అందులో సగానికి పైగా జూనియర్ లెక్చరర్లే. ఆ రోజు ఎన్ని ఇళ్లలో స్వీట్లు పంచుకున్నారో! విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు అధ్యాపకులకు మాత్రం ఆ తీపి దక్కలేదు. 1976లో పుట్టిన కాకతీయ విశ్వవిద్యాలయంలోనూ అదే పరిస్థితి. క్రమబద్ధీకరణకు ఆధారమైన నిబంధనను 2024 నవంబరులో హైకోర్టు కొట్టేసింది. అప్పటికే పర్మినెంటయిన వారి జోలికి మాత్రం వెళ్లలేదు. 2025 ఏప్రిల్‌లో అసిస్టెంటు ప్రొఫెసర్ల నియామకానికి ప్రభుత్వం మార్గదర్శకాలు ఇవ్వడంతో, ఏళ్ల తరబడి పనిచేస్తున్న తమ గతేమిటంటూ కాంట్రాక్టు అధ్యాపకులు సమ్మెకు దిగారు.

కోర్టుల మాటనూ తీసిపారేయలేం. పోటీ లేకుండా వచ్చినవారిని పర్మినెంటు చేస్తూ పోతే బయట ఉన్నవారి సమాన అవకాశం ఏమవుతుందని ఉమాదేవి కేసులో 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నోటిఫికేషన్ కోసం అద్దెగదిలో పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న పిల్లాడూ ఈ ఊరివాడే కదా. అసలు చిక్కు, ఖాళీలను వేళకు నింపకుండా ఏళ్లకేళ్లు అరువు మనుషులతో నెట్టుకురావడంలో ఉంది. ఆ తప్పు ఇటు పాఠం చెప్పేవాడిదీ కాదు, అటు చదువుకునేవాడిదీ కాదు.

ఉద్యోగ భద్రత అంటే మొదటి తారీఖు జీతం, చివర్లో పెన్షన్ అనే మనం అనుకుంటాం. అమెరికాలో దీన్ని ‘టెన్యూర్’ అంటారు. 1940లో అక్కడి ప్రొఫెసర్ల సంఘం, కాలేజీల సంఘం కలిసి ఒక ప్రకటన చేశాయి. పరీక్షాకాలం ఏడేళ్లు దాటకూడదు, ఆ తర్వాత సరైన కారణం లేకుండా తీసేయకూడదన్నాయి. దేనికీ అంటే, పైవాళ్లకు నచ్చని నిజాన్ని కూడా తరగతిలో చెప్పగలగాలని!

ఆ మాటకు అర్థం వరంగల్ వాళ్లకు వేరే చెప్పాలా? కొత్తపల్లి జయశంకర్ ఇక్కడివారే. పాఠాలు చెప్పుకునే మనిషే 1969 తెలంగాణ ఉద్యమంలో పాల్గొన్నారు. ఆ తర్వాత సీకేఎం కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు, 1991లో కాకతీయ వైస్ చాన్సలరూ అయ్యారు. సర్కారును ప్రశ్నించిన మేష్టారికి ఆ కుర్చీ దక్కింది. వచ్చే ఏడాది రెన్యువల్ ఎవరి సంతకంతో అవుతుందోనని లెక్కలేసుకునే మేష్టారు అలా నోరు విప్పగలడా? అంత పెద్ద మాట ఎందుకు... కాపీ కొడుతూ దొరికిన పెద్దమనిషి కొడుకును పరీక్ష హాల్లోంచి బయటికి పంపగలడా?

మన పిల్లల కాలేజీకి వెళ్లినప్పుడు ఫలితాల బోర్డు చూస్తాం, ఫీజు అడుగుతాం, హాస్టల్లో కూరల గురించీ ఆరా తీస్తాం. లెక్కలు చెప్పే సారు వచ్చే జూన్‌కి ఉంటారా అని మాత్రం అడగం. ఆ ‘పర్మినెంటేనా?’ అనే ప్రశ్నను పెళ్లిచూపుల దాకా దాచుకుంటాం.